శ్రీకాకుళమా, బరంపురమా? పిల్లల అత్యవసర వైద్యానికి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో అర్ధరాత్రి పసిపిల్లకు ఒళ్లు కాలిపోతుంటే ఇంట్లో మొదలయ్యే వాదన ఒక్కటే: శ్రీకాకుళం వెళ్దామా, బరంపురం వెళ్దామా? రాయగడలో అయితే పార్వతీపురమా, కోరాపుటా, నేరుగా విశాఖపట్నమేనా అన్నది వాదన. తెలుగు మాట్లాడే డాక్టరు ఉంటే చాలంటారు తాతగారు. పెద్దాసుపత్రి పేరు చెబుతాడు మేనమామ. కారు ఎవరిది దొరుకుతుందన్నదాన్ని బట్టి ఊరు తేల్చేవాళ్లూ ఉన్నారు. ఈలోగా అరగంట గడిచిపోతుంది.

ఆ ప్రశ్నే తప్పు. వచ్చే గంటలో ఈ బిడ్డకు ఏది అందాలి, అది అన్నిటికంటే దగ్గరలో ఎక్కడ ఉంది? అడగవలసింది ఇదీ. ఆక్సిజన్, సెలైన్, ఫిట్స్ ఆపే మందు, పాము విషానికి విరుగుడు వంటివి బ్లాకు స్థాయి ఆసుపత్రిలో ఉండవలసినవి. వెంటిలేటరు, మెదడు స్కానింగు, పసిపిల్లల ఆపరేషను వంటివి పెద్ద ఊళ్లలోనే ఉంటాయి. చాలా అత్యవసర పరిస్థితుల్లో మొదటి జాబితాలోనిది మొదటి గంటలో పడితేనే రెండో జాబితా వరకు బిడ్డ చేరుతుంది. అందుకే ప్రయాణాన్ని రెండు మజిలీలుగా ఆలోచించాలి. ఊపిరి నిలబెట్టే చోటు మొదటిది, జబ్బు నయం చేసే చోటు రెండోది. మొదటి మజిలీ దాటేసి నేరుగా రెండోదానికి పరుగెత్తడమే సరిహద్దు జిల్లాల్లో మనం తరచుగా చేసే పొరపాటు.

ఏది ఆగదు, ఏది ఆగుతుంది

థర్మామీటరు అంకె తల్లిదండ్రులను భయపెడుతుంది. చిన్నపిల్లల డాక్టరు ముందు చూసేది ఊపిరిని. 103 డిగ్రీల జ్వరంతో ఉన్నా బొమ్మ కోసం చేయి చాస్తున్న మూడేళ్ల పిల్లకంటే, 100 డిగ్రీలే ఉండి మెడ వాల్చేసిన పిల్లే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోగలిగిన పని. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండుగా ఒక నిమిషం లెక్కించాలి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయకూడదు, పసివాళ్ల ఊపిరి ఒకే తీరున సాగదు. రెండు నెలలలోపు పిల్లలకు నిమిషానికి 60 లేదా ఆపైన, రెండు నెలలు నిండి ఏడాదిలోపు వారికి 50 లేదా ఆపైన, ఏడాది నుంచి అయిదేళ్లలోపు వారికి 40 లేదా ఆపైన ఉంటే అది ఆయాసమే. దానితోపాటు డొక్కలు ఎగరేయడం, పక్కటెముకల కింద లోపలికి లాక్కుపోవడం, మూలుగు, పెదవులు నీలంగా మారడం వంటివి కనిపిస్తే ఇంకేమీ చూడనక్కరలేదు. నిద్రలో ఉన్నా గొంతులోంచి కీచుమన్న శబ్దం వస్తుంటే అదీ అంతే.

ఊపిరి తరువాత చూడవలసినవి స్పృహ, తాగడం. లేపినా లేవకపోవడం, పాలుగానీ నీళ్లుగానీ అసలు పుచ్చుకోకపోవడం, పుచ్చుకున్నదంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్ రావడం అనే నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీలు దాటితే, ఎంత హుషారుగా కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. అంత చిన్న బిడ్డకు ఒళ్లు మరీ చల్లబడడం కూడా జ్వరమంత ప్రమాదం. బాలింత గదిలో పెద్దవాళ్లు దీన్ని తరచుగా పట్టించుకోరు.

ఆగేవాటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ప్రతి తుమ్ముకీ ఘాట్‌ రోడ్డు ఎక్కుతాం. మూడు నెలలు దాటిన బిడ్డ జ్వరంలోనూ ఆడుతూ, తాగుతూ, మామూలుగా మూత్రం పోస్తుంటే పారాసిటమాల్ ఇచ్చి చూడవచ్చు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు. సిరప్‌లు 120, 125, 250 అని వేర్వేరు బలాల్లో వస్తాయి. పక్కింటి సీసా చెంచా కొలతతో మీ సీసాలోది పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. మలేరియా ఉన్న బ్లాకుల్లో మాత్రం జ్వరం వచ్చిన రోజే పరీక్ష చేయించడం మంచిది. ఆ కిట్టు ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఇక దగ్గుకు రెండేళ్లలోపు పిల్లలకు సిరప్ ఏదీ వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లో విషపూరితమైన దగ్గు మందు పిల్లల ప్రాణాలు తీసిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

ఆర్‌ఎంపీ, బ్లాకు ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, మెడికల్ కాలేజీ

ఊళ్లోని ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. రాత్రి రెండు గంటలకు తలుపు తీసేది ఆయనొక్కడే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కోసమో, పారాసిటమాల్ కోసమో, ఆటో మాట్లాడిపెట్టమని అడగడానికో ఆయన దగ్గరికి వెళ్లండి, తప్పులేదు. కానీ పైన చెప్పిన లక్షణాలున్న బిడ్డకు "ఒక ఇంజెక్షన్ వేసి చూద్దాం, పొద్దున వెళ్దురుగాని" అన్నప్పుడు మాత్రం లేచి వచ్చేయాలి. ఆ ఇంజెక్షన్‌తో జ్వరం తాత్కాలికంగా దిగుతుంది, జబ్బు లోపల ముదురుతుంది, తరువాత చూసే డాక్టరుకు ఏమిచ్చారో తెలియదు.

ఒడిశాలో ప్రతి బ్లాకుకూ సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) ఉంటుంది, ఆంధ్రలో మండలానికి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), కొన్నిచోట్ల సీహెచ్‌సీ. పగలు ఇవి బాగానే పనికొస్తాయి. రాత్రి డాక్టరు ఉంటారా, ఆక్సిజన్ ఉందా, పాము విరుగుడు నిల్వ ఉందా అన్నది ఊరూరికీ మారుతుంది. కాబట్టి ఆ మూడు సంగతులూ బిడ్డ బాగున్నప్పుడే తెలుసుకోవాలి. టీకాకు వెళ్లినప్పుడు ఏఎన్‌ఎమ్‌ను అడిగితే చెబుతుంది.

జిల్లా కేంద్ర ఆసుపత్రిని మనవాళ్లు ఉండవలసినదానికంటే తక్కువగా అంచనా వేస్తారని నా అభిప్రాయం. పర్లాకిమిడిలో గజపతి జిల్లా ఆసుపత్రి, రాయగడ, మల్కనగిరి జిల్లా ఆసుపత్రులు రాత్రిపూట కూడా తెరిచి ఉండే చోట్లు. పుట్టి 28 రోజులు నిండని బిడ్డల కోసం ఎస్‌ఎన్‌సీయూ అనే ప్రత్యేక విభాగం జిల్లా ఆసుపత్రుల్లో ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, పుట్టుకామెర్లు ముదిరిన బిడ్డకు ఊరి చివర ప్రైవేటు క్లినిక్ కంటే అదే మేలు. రాయగడ జిల్లాలోనే బిస్సంకటక్‌లో 1954 నుంచి నడుస్తున్న క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల కొండ గ్రామాలవారికి ఊరు దాటకముందే దొరికే ఆసరా అది.

మెడికల్ కాలేజీల విషయంలో దూరాన్ని రాష్ట్రం గీతతో కొలవకండి. బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఇచ్ఛాపురం వారికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది, శ్రీకాకుళం వంద దాటుతుంది. అయినా ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వైపు పరుగెత్తే కుటుంబాలు ఉన్నాయి. అలాగే మహేంద్రతనయ ఒడ్డున పాతపట్నం వారికి ఏటి అవతలే పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో మీరు ఏ రాష్ట్రం వారన్న ప్రశ్న ప్రథమ చికిత్సకు అడ్డం కాదు. సరిహద్దు అటూ ఇటూ రెండువైపులా పనికొస్తుందన్న సంగతి మనం పెళ్లి సంబంధాలకు గుర్తుంచుకుంటాం, ఆసుపత్రికి మరిచిపోతాం.

పర్లాకిమిడి నుంచి రెండో మజిలీకి శ్రీకాకుళం సర్వజనాసుపత్రి దగ్గర, రోడ్డూ సులువు. బరంపురం దాదాపు రెట్టింపు దూరం. కాబట్టి ఇక్కడ తెలుగు డాక్టరు కావాలన్న తాతగారి మాట, దూరం లెక్క ఒకే వైపు చూపిస్తాయి, వాదించనక్కరలేదు. జయపురం, కోరాపుట్ వైపు లెక్క తారుమారవుతుంది. 2017లో మొదలైన సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ కోరాపుట్‌లోనే ఉంది. దాన్ని దాటేసి రాత్రిపూట సాలూరు ఘాట్ దిగి రెండు వందల కిలోమీటర్ల అవతల విశాఖపట్నం కేజీహెచ్‌కు వెళ్లడం ఆయాసంతో ఉన్న బిడ్డకు మంచిది కాదు. బిడ్డ నిలదొక్కుకున్నాక, అక్కడ లేని నిపుణుడు అవసరమైతే, పగటిపూట అంబులెన్సులో విశాఖ వెళ్లవచ్చు. మల్కనగిరిలో దక్షిణ కొసన మోటు వైపు ఉన్నవారికి చింతూరు, భద్రాచలం దారులు కోరాపుట్ కంటే దగ్గర.

ప్రైవేటు ఆసుపత్రి గురించి ఒక మాట. శ్రీకాకుళంలోనూ బరంపురంలోనూ మంచి పిల్లల డాక్టర్లు ఉన్నారు, కానీ మంచి డాక్టరు ఉండడం వేరు, పిల్లల ఐసీయూ ఉండడం వేరు. బయలుదేరేముందు ఫోనులో అడగండి: పిల్లల డాక్టరు ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారా, పిల్లలకు సరిపడే వెంటిలేటరు ఉందా, ఈ క్షణాన మంచం ఖాళీగా ఉందా? "తీసుకురండి, చూద్దాం" అన్నది జవాబు కాదు.

108 లేక సొంత బండి

108 సేవ ఉమ్మడి ఆంధ్రలో 2005లో మొదలైంది, ఒడిశాలో 2013 నుంచి ఉంది. సరిహద్దు ఊళ్లలో ఉండే చిక్కు టవరుది. మీరు నిలబడిన చోటు ఒడిశా అయినా ఫోను ఆంధ్ర టవరును పట్టుకుంటే కాల్ అవతలి కేంద్రానికి వెళ్లవచ్చు. అందుకే మొదటి మాటే రాష్ట్రం, జిల్లా, బ్లాకు లేదా మండలం, ఆ తరువాత ఊరు, దగ్గరి గుడో బడో చెప్పండి. ఒడిశాలో ఏడాదిలోపు బిడ్డకూ గర్భిణికీ 102 వాహనం కూడా ఉంది.

అంబులెన్సు కోసం ఆగాలా, ఆటో ఎక్కాలా? ఊపిరి ఇబ్బంది, ఆగని ఫిట్స్, మెడకో వెన్నుకో దెబ్బ ఉంటే అంబులెన్సులోని ఆక్సిజన్, మనిషి కావాలి. పాము కాటుకు మాత్రం ఆసుపత్రి చేరడమే మందు. 108 ఎంతసేపట్లో వస్తుందో అడగండి. ఆ వ్యవధిలో మీరే ఆసుపత్రి చేరగలిగితే బయలుదేరండి, లేదా ఎదురు వెళ్లి దారిలో కలుసుకుంటామని చెప్పండి. మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య బిడ్డను కూర్చోబెట్టి తీసుకెళ్లడం కొండ ఊళ్లలో తప్పదు. అలాంటప్పుడు మెడ వెనక్కి వాలిపోకుండా, ముక్కు దుప్పట్లో పూడుకుపోకుండా వెనక కూర్చున్నవారు చూసుకోవాలి.

కట్లపాము, జ్వరంలో ఫిట్స్, నీళ్ల విరేచనాలు

వానాకాలం నేలమీద పడుకున్న పిల్ల తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, గుటక పడడం లేదంటూ, కనురెప్పలు వాల్చేస్తుంటే అది అజీర్తి కాదు, కట్లపాము కాటు అనుకోండి. కట్లపాము కాటుకు పెద్దగా నొప్పి, వాపు ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. గాటు లేదు కదా అని వాము నీళ్లు పట్టిస్తూ కూర్చున్న గంటల్లోనే ఊపిరి కండరాలు పడిపోతాయి. రక్తపింజర అయితే వాపు, చిగుళ్ల నుంచి రక్తం వస్తాయి. అక్కడ ఆసుపత్రిలో రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కట్టిందో లేదో చూస్తారు. ఏ పామైనా కట్టు బిగించవద్దు, కోయవద్దు, పసరు పోయవద్దు. కాలో చేయో కదలకుండా కర్రకు కట్టి తీసుకెళ్లండి.

విరుగుడు మందు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే, పాము ఎక్కించే విషం బిడ్డ బరువు చూసి తగ్గదు కదా. సీసా మీద సీసా ఎక్కిస్తుంటే చిన్నపిల్లకు ఇంత మందా అని అడ్డుపడే బంధువులు ఉంటారు, వారిని బయట కూర్చోబెట్టండి. ఇక్కడ రెండు మజిలీల లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. విరుగుడు ఉన్న దగ్గరి ఆసుపత్రి మొదటిది. కట్లపాము విషయంలో విరుగుడు పడ్డాక కూడా ఊపిరికి యంత్రం అవసరం కావచ్చు కాబట్టి వెంటిలేటరున్న ఆసుపత్రి రెండోది. మంత్రగాడి ఇల్లు ఏ మజిలీలోనూ లేదు.

ఎర్ర తేలు కాటు కూడా పిల్లలకు ప్రాణాంతకమే. చెమటలు, వాంతులు, చేతులు చల్లబడడం కనిపిస్తే సీహెచ్‌సీకి వెళ్లాలి. ప్రజోసిన్ అనే చవక మాత్ర దీనికి పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో ఊరి వైద్యం చేస్తూనే హిమ్మత్‌రావ్ బావస్కర్ నిరూపించారు.

జ్వరంలో ఫిట్స్ ఆరు నెలల నుంచి అయిదేళ్ల వయసులో వస్తాయి, ఎక్కువ మందికి కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచాగానీ చేతిలో తాళాలగుత్తిగానీ పెట్టవద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా, ఆగాక స్పృహ రాకపోయినా 108. మొదటిసారి వచ్చిన ఫిట్స్‌కు, ఆగిపోయినా సరే, ఆసుపత్రిలో చూపించాలి. మన కొండ జిల్లాల్లో అదనంగా ఒకటుంది. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి ప్రాంతాల్లో మలేరియా మెదడుకు ఎక్కే రకం. "జ్వరం ఫిట్సే, ఏం కాదు" అని మైదానం డాక్టరు చెప్పినా, మేం కొండ ఊరి నుంచి వచ్చామని చెప్పి మలేరియా పరీక్ష అడగండి. 2016లో మల్కనగిరిలో మెదడువాపుతో పెద్ద సంఖ్యలో పిల్లలు చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ తేలింది, కసింద గింజలు తినడం కూడా కారణమని నిపుణులు అనుమానించారు. ఫిట్స్ వచ్చిన బిడ్డ పొలం గట్టున ఏం తిన్నాడో డాక్టరుకు చెప్పాలి.

విరేచనాలకు పోలిక చాలా సులువు: తాగగలిగినంతసేపు ఇల్లే ఆసుపత్రి, తాగలేనప్పుడు సెలైన్ ఉన్న ఏ ఆసుపత్రైనా సరే. లీటరు నీళ్లకు ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం కలిపి చెంచాతో పట్టించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తోడుగా జింకు మాత్ర 14 రోజులు: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10. దుకాణంలో అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటిమీద వేయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కళ్లు లోతుకు పోవడం, పొట్ట చర్మం గిల్లితే మెల్లగా సర్దుకోవడం, మాడు గుంటపడడం, మలంలో రక్తం కనిపిస్తే బయలుదేరండి.

కాలినప్పుడు 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి. పేస్టు, సిరా పూయవద్దు. బిడ్డ అరచేతి కంటే పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, మర్మస్థానాలైనా ఆసుపత్రి. కిరసనాయిలు తాగితే వాంతి చేయించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పురుగుమందైతే డబ్బాను వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందని చేర్చుకోరేమోనన్న భయం అక్కరలేదు. ముందు వైద్యం, కాగితాలు తరువాత అని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించాలి. గాయం లోతైనదైతే గాయంలోనే వేసే, రేబిస్‌పై వెంటనే పనిచేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా కావాలి. అది చిన్న ఆసుపత్రుల్లో దొరకకపోవచ్చు కాబట్టి ఫోను చేసి వెళ్లండి.

కార్డు, చీటీ, భాష

ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా 2025లో చేరింది. ఆ కార్డు వేరే రాష్ట్రంలోనూ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. ఆంధ్ర ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం ఆ రాష్ట్రం వారికే. రేషను కార్డు అవతల ఉండి కాపురం ఇవతల ఉన్న కుటుంబాలు మనలో ఎక్కువ, ఎవరి కార్డు ఎక్కడిదో ముందే చూసుకోండి. కానీ కార్డు వెతుకుతూ బయలుదేరడం ఆలస్యం చేయకండి, దాన్ని వెనక ఎవరైనా తెస్తారు.

భాష గురించి దిగులు కొంచెం తగ్గించుకోవచ్చు. ఒడియా డాక్టరుకైనా తెలుగు డాక్టరుకైనా కావలసినవి కొన్ని అంకెలు: బిడ్డ నెలలు, బరువు, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎంత ఇచ్చారు, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది. టీకా కార్డు వెనక పెన్సిలుతో రాసి చేతికిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వాడిన సీసాల ఫోటోలు ఫోనులో ఉంచండి.

జిల్లా ఆసుపత్రి నుంచి పైకి పంపుతున్నప్పుడు సొంత కారులో వెళ్తామని తొందరపడకండి. ఏమేం ఇచ్చారో రాసిన రెఫరల్ చీటీ చేతికి తీసుకోండి. సెలైన్ సూది తీయకుండా అలాగే ఉంచమనండి. అంబులెన్సులో ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందో లేదో డ్రైవరును అడగండి. ఇక్కడి డాక్టరు అక్కడి డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి మంచం ఉందని తేల్చుకున్నాక బండి కదలనివ్వండి. దారిలో ఊపిరి తేడా వస్తే ఏ ఊళ్లో ఆగాలో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.